గుల్ల కలిపిన మట్టి

మొన్న అమెరికాలో మేముండే షాంటిలీలో మా ఇండియన్ గ్రోసరీకి పెరుగు తోడుపెట్టుకునే మట్టి కుండలు వచ్చాయి. ఒకటి తీసి వేలి కణుపుతో తట్టాను. ఖంగుమంది. పక్కనున్నావిడ నన్ను వింతగా చూసింది. చూడనీ! ఆ చప్పుడు వింటే నాకు ఇద్దరు గుర్తొస్తారు. ఒకరు మా నాన్న, రెండోవారు మిస్ రూత్.

మిస్ రూత్ ఇక్కడి ఆదివాసీ తెగ మనిషి. డెబ్బై దాటిన వయసు. రెండువేల తొమ్మిదిలో మా లైబ్రరీలో శనివారాలు కుండల క్లాసు చెప్పేది. తెల్లవాళ్ళ ఓడలు రాకముందు ఆ తెగ ఆడవాళ్ళు ఎలా చేసేవారో అచ్చం అలాగే. కుమ్మరి సారె ఉండదు. మట్టిని తాళ్ళలా పేని, ఒకదాని మీద ఒకటి చుట్టి, ఆల్చిప్పతో గీకి నున్నగా చేసి, ఆరుబయట కట్టెల మంటలో కాల్చడమే. "చక్రం లేకుండా కుండేమిటండీ?" అని మొదటిరోజే నోరు జారాను. ఆవిడ తన కుండ నా ఒళ్ళో పెట్టి, "వంకరెక్కడుందో చూపించు" అంది. ఎంత తిప్పి చూసినా దొరకలేదు. మా ఇంట్లో ఆడపిల్ల సారె ముట్టకూడదు. మట్టి తొక్కడం, పలుకులు ఏరడం వరకే మా వంతు. ఇక్కడేమో అమ్మమ్మల నుంచి మనవరాళ్ళకు దిగివచ్చిన విద్య!

మా ఇంట్లో అంటున్నానే గానీ, ఆ సంగతి షాంటిలీలో ఎవరికీ తెలియదు. తలా ఒక వంట తెచ్చుకునే మన తెలుగువాళ్ళ పాట్‌లక్ డిన్నర్లలో నాన్నగారేం చేసేవారని అడిగితే "బిజినెస్" అనేదాన్ని. చిన్నప్పుడు బళ్ళో "కుమ్మరిదానా" అని వెక్కిరించిన మాట చెవిలోంచి పోలేదు మరి. ఆ అబద్ధం ఎప్పుడు బయటపడుతుందోనని పన్నెండేళ్ళు బిక్కుబిక్కుమంటూ గడిపాను.

మూడో శనివారం ముందుగా వెళ్ళాను. తొట్టిలో నానిన మట్టి, దాని నిండా తెల్లటి పలుకులు. అయ్యో, సున్నం! ఒక్క పలుకున్నా కాలాక కుండ పెట్లిపోతుందని నాన్న చెప్పేవాడు. పెద్దావిడకు కళ్ళు ఆనలేదు కాబోలనుకుని, గంటసేపు కూర్చుని ఏరిపారేశాను. ఆవిడ వచ్చి చూసి నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నది గుల్లలు కాల్చి, దంచి, రెండురోజులు కలిపాను హనీ! అవే మట్టిని పట్టి ఉంచేది. మా మంట నెమ్మది, అందుకే పగలవు."

కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు. ఏడాది కష్టాన్ని ఒక్క దెబ్బతో పగలగొట్టే ఆ దుడ్డుకర్ర నేనే! తిడుతుందనుకుంటే పగలబడి నవ్వింది.

"ఇన్నేళ్ళలో మట్టిలో సున్నం చూసి భయపడ్డవాళ్ళు నా క్లాసులో ఒక్కరూ లేరు. ఇది కుండలు చేసే ఇంటి బిడ్డే చేయగల తప్పు. ఎవరు నేర్పారు?"

"మా నాన్న" అన్నాను. అమెరికాలో ఆ మాట పైకి అనడం అదే మొదలు. ఏడుపొచ్చింది.

చివరి శనివారం మా కుండలన్నీ లైబ్రరీ హాల్లో ప్రదర్శనకు పెట్టాం. పక్కన కార్డు మీద చేసినవారితో పాటు నేర్పినవారి పేరూ ఉండాలన్నది ఆవిడ నియమం. ఆవిడ కార్డు మీద అమ్మ, అమ్మమ్మ, ఆమె అమ్మ. నేను మిస్ రూత్ పేరొక్కటే రాసిచ్చాను. కార్డు తిరిగి నా చేతిలో పెట్టేసింది.

"సగమే రాశావు. మమ్మల్నీ, మా కుండల్నీ చిన్నచూపు చూసిన రోజులున్నాయి. అప్పుడు కూడా మా అమ్మ పేరు నేను దాచలేదు."

సరిగ్గా అప్పుడే మా పాట్‌లక్ బ్యాచ్ లోపలికొస్తోంది, అందరికంటే ముందు శ్రీదేవక్క. అయినా రాశాను: మా నాన్న వీరయ్య, కుమ్మరి.

"అదేంటే, మీ నాన్నగారిది బిజినెస్ అన్నావుగా?" అంది అక్క కార్డు చదివి.

"కాదక్కా. కుండలు చేసేవాడు. ఎండాకాలం మా ఊరంతా ఆయన కుండల్లో నీళ్ళే తాగింది."

"మరి ఇన్నాళ్ళూ చెప్పవేమే, పిచ్చిమొహమా!" అంటూ నా కుండ ఎత్తి చూసింది. వెనకున్న ఒకావిడ మాత్రం మూతి ముడిచింది. ముడవనీ!

మిస్ రూత్ ఇప్పుడు లేదు. మొన్న గ్రోసరీలో, నన్ను వింతగా చూసినావిడ ఉండబట్టలేక అడిగింది, "అలా తడితే ఏం తెలుస్తుందండీ?"

"పగులుంటే బొంగురుగా పలుకుతుందండీ" అని, అడక్కపోయినా ఇంకో మాట చెప్పాను. "మాది కుమ్మరిల్లు."