అరువు గొంతు

పోయిన శనివారం ఇక్కడ కెనడాలో, వాంకూవర్ పక్కనున్న బర్నబీలో ఒక పాత సామాన్ల దుకాణంలో కుర్చీ కోసం వెతుకుతుంటే, వెనక గదిలో ఎవరో గ్రామఫోన్ రికార్డు పెట్టారు. ముందు సూది గీసుకుంటున్న చప్పుడు, తర్వాత ఎప్పటిదో ఇంగ్లీషు డాన్సు పాట. గాయకుడి గొంతు ముక్కులోంచి వస్తున్నట్టు సన్నగా ఉంది. కుర్చీ సంగతి మరిచిపోయి అక్కడే నిలబడ్డాను. అలాంటి పాటలు నేను విన్నది ఒక్క ఇంట్లోనే, వసుంధర గారింట్లో.

ఆవిడది కాకినాడ. ఇక్కడి కొండమీది యూనివర్సిటీలో చాలా ఏళ్లు నాటకం గురించి పాఠాలు చెప్పి రిటైరయ్యారు. భర్త పోయాక బేస్‌మెంట్ అద్దెకిచ్చారు. కరీంనగర్ నుంచి కాలేజీకొచ్చిన నేను అందులో దిగాను. ఆదివారం మధ్యాహ్నం పైకి పిలిచి, కాఫీ ఇచ్చి, ఒక పాత బ్రిటిష్ టీవీ సీరియల్ పెట్టేవారు. వారానికి ఒక్క భాగమే, బతిమాలినా రెండోది పెట్టేవారు కాదు. కష్టాల్లో ఉన్న మామూలు మనుషుల కథ అది. భార్యాభర్తల మధ్య మాటామాటా పెరుగుతుండగా భర్త నోరు తెరుస్తాడు, ఏదో పాత రికార్డులోని పాట బయటికొస్తుంది. ఒక్కోసారి ఆడమనిషి నోట మగగొంతు వస్తుంది. పాట అయిపోగానే మళ్లీ అదే గది, అదే గొడవ. మొదటి వారం నాకు నవ్వాగలేదు. మన సినిమాల్లో ఎప్పటినుంచో ఉన్న ప్లేబ్యాకే కదండీ అన్నాను.

"మనవాళ్లు ఆ గొంతు హీరోదేనని నమ్మిస్తారు. ఇక్కడ అతనిది కాదని మనకి తెలుస్తూనే ఉంటుంది" అన్నారావిడ. "తన మాట తను చెప్పలేక గొంతు అరువు తెచ్చుకున్నాడు. పాట కాదు, అతని మొహం చూడు."

సీరియల్ అయిపోయాక అదే కథతో తీసిన సినిమా చూపించారు. వారాల తరబడి చూసిన కథ ఒక్క మధ్యాహ్నంలో అయిపోయింది. పెద్ద పెద్ద సెట్లు, వరసలు కట్టి డాన్సులు. నాకు అదే నచ్చింది. ప్రొఫెసర్ గారు కాబట్టి సీరియలే గొప్పదంటారనుకున్నాను. ఆవిడ అలా అనలేదు. వాంకూవర్ వచ్చిన కొత్తలో భర్తతో కలిసి మొదట చూసింది ఆ సినిమానేనట. పాటల సినిమా సరదాగా ఉంటుందని వచ్చిన ఆయన, సగంలోనే లేచి వెళ్లి కారులో కూర్చున్నారు. ఈవిడ చివరిదాకా చూసి ఏడ్చారు. ఎందుకేడ్చావని దారిలో ఆయన అడిగితే, కళ్లు మండుతున్నాయని చెప్పారట.

"మా కాపురమంతా అలాగే గడిచిపోయింది అమ్మాయ్. ఆయన హాస్పిటల్లో ఉన్నప్పుడు కూడా, తగ్గిపోతుందని నేను అనేదాన్ని, అవునని ఆయన అనేవారు. తగ్గదని ఇద్దరికీ తెలుసు. చెప్పుకోవలసినవి ఎన్ని ఉండిపోయాయో."

ఆ తర్వాత ఆవిడ, నేను రోజూ పొద్దున్నే ఊళ్లో ఉన్న మా అక్కతో ఫోనులో మాట్లాడటం పైకి వినిపిస్తుందని చెప్పారు. వినాలని వినలేదని, కానీ ఆ పది నిమిషాలూ నా గొంతు మారిపోతోందని అన్నారు.

నాకు ఒళ్లు మండింది. కప్పు అక్కడే పెట్టేసి కిందికి వచ్చేశాను. అప్పటికి నేను రెండు సబ్జెక్టులు తప్పి ఉన్నాను. మరొకటి తప్పితే కోర్సులోంచి తీసేస్తామని కాలేజీ రాసింది. నన్ను పెంచి చదివించిన అక్కకేమో, క్లాసులో అందరికంటే నేనే ముందున్నానని చెబుతున్నాను. ప్రొఫెసర్ మెచ్చుకున్న మాటలు కూడా కల్పించి చెప్పేదాన్ని. రెండు ఆదివారాలు పైకి వెళ్లలేదు. ఆవిడ పిలవలేదు. మెట్ల మీద ఎదురైతే మాత్రం ఎప్పటిలాగే పలకరించారు.

మూడో ఆదివారం అక్కకు ఫోన్ చేసి ఉన్నదున్నట్టు చెప్పేశాను. ఆమె ఫోన్ పెట్టేసింది. తర్వాత తొమ్మిది రోజులు ఫోన్ ఎత్తలేదు. నా నోటితో నేనే అక్కను పోగొట్టుకున్నానని వసుంధర గారి ముందు ఏడ్చాను. అలా జరగదని ఆవిడ ధైర్యం చెప్పలేదు. ఏమవుతుందో తనకూ తెలియదన్నారు. పుస్తకాలు తెచ్చి తన డైనింగ్ టేబుల్ దగ్గర కూర్చుని చదువుకోమన్నారు.

పదో రోజు పొద్దున అక్కే చేసింది. గొంతు బొంగురుగా ఉంది. "ఏ సబ్జెక్టులు పోయినయ్? అందులో నీకేం సమజైతలేదో చెప్పు" అంది. అక్క లెక్కల టీచరు. ఆరోజు మొదలుపెట్టి పరీక్షలదాకా రోజూ ఫోనులో నాతో కూర్చుంది. రెండూ పాసయ్యాను.

నిరుడు చలికాలంలో వసుంధర గారు హాస్పిటల్లో చేరారు. ఒంటారియోలోని కేంబ్రిడ్జ్ నుంచి వాళ్లమ్మాయి వచ్చి, డాక్టర్లు మా ఇద్దరికీ ఏం చెప్పినా, అమ్మకు మాత్రం వసంతానికల్లా ఇంటికెళ్లిపోదామని రోజూ చెప్పేది. ఒక మధ్యాహ్నం ఆ అమ్మాయి కాఫీ కోసం కిందికి వెళ్లినప్పుడు, ఆవిడ నన్ను దగ్గరికి పిలిచారు.

"నేను ఇంటికి వెళ్తానా?"

"లేదండీ. డాక్టర్లు ఆ ఆశ లేదంటున్నారు" అన్నాను.

ఆవిడ నా చెయ్యి పట్టుకున్నారు. తర్వాత, "అయితే మా అమ్మాయిని పిలువు. దానితో మాట్లాడాలి" అన్నారు.

నేను కారిడార్‌లో కూర్చున్నాను. తలుపు వెనక చాలాసేపు వాళ్లిద్దరి ఏడుపు, మధ్యమధ్య మాటలు, ఒకసారి నవ్వు కూడా వినిపించాయి. ఇప్పటికీ నిజం చెప్పాల్సి వచ్చినప్పుడు నాకు భయం వేస్తుంది. ఆ తలుపు వెనక నుంచి వచ్చిన నవ్వును తలుచుకుని చెప్పేస్తాను.