పులి రంగు కడగకముందే

జంగం ఈరన్నకు నలభై ఏళ్లొచ్చేసరికి గద్వాల చుట్టుపక్కల పల్లెల్లో అతని వేషాలు తెలియనివాళ్లు లేరు. అతని మొహం తెలిసినవాళ్లూ లేరు. పగటివేషాల బతుకంటేనే అంత. ఒక ఊళ్లో దిగితే తొమ్మిది రోజులు ఉండాలి. రోజుకో వేషం కట్టి ఇల్లిల్లూ తిరగాలి. ఎనిమిది రోజులు ఎవరినీ ఏమీ అడగకూడదు. తొమ్మిదో రోజు రంగు లేకుండా మామూలు మనిషిగా వచ్చి జోలె పట్టాలి. ఊరు ఇన్ని జొన్నలు పోసి, పాత ధోవతి ఏదైనా ఉంటే పడేసి పంపిస్తుంది. పోసేటప్పుడు కూడా ఎదురుగా నిలబడ్డవాణ్ణి ఎవరూ చూడరు. "మొన్నటి అమీను వేషం మస్తుగుండె" అనుకుంటూ వాళ్లలో వాళ్లే నవ్వుకుంటారు. ఈరన్నకు దానికి బాధ లేదు. పైగా లోలోపల గర్వమే.

మిగతా వేషాల్లో నోరే పెట్టుబడి. పోలీసు అమీనైతే ఉర్దూలో తిట్టాలి, కోమటామె అయితే తక్కెడ పట్టి దబాయించాలి. పులి వేషానికి మాత్రం వాళ్ల నాయన ఒక కట్టుబాటు పెట్టిపోయాడు. ఒంటి మీద పులి రంగు పడ్డాక, అది కడిగేదాకా మనిషి మాట నోట్లోంచి రాకూడదు. వచ్చిందా, ఇక ఆ వేషం మళ్లీ ఒంటికి అతకదు. ఈరన్న ఇరవై ఏళ్లు ఆ మాట దాటలేదు. ఒకసారి పెబ్బేరు సంతలో ఎద్దు కాలు తొక్కితే గుర్రుమన్నాడే గాని "అమ్మా" అనలేదు. సంతంతా పడి పడి నవ్వింది.

రెండో పెద్ద యుద్ధం మొదలైన ఏడు, మల్దకల్ అవతల గుట్టల కింద ఉన్న ఒక ఊరికి ఈరన్న, పెళ్లాం మల్లమ్మ వచ్చి వాగు ఒడ్డున గుడిసె వేసుకున్నారు. ఆ ఊరు వాళ్లకు కొత్తది కాదు. ఐదు రోజులు ఐదు వేషాలు పండుగలా గడిచాయి. ఆరో రోజు పులి. పొద్దున్నే మల్లమ్మ పసుపు నూరి ఒళ్లంతా పూసింది, మసితో చారలు గీసింది, మూతికి ఇంత కుంకుమ అద్దింది. ఈరన్న వాగు దాటి, గుట్ట వైపు నుంచి ఊళ్లోకి దిగాడు. పులి వచ్చేది గుట్ట మీది నుంచే కదా మరి! అంత చక్కగా ఆలోచించాడు పాపం.

అతనికి తెలియనిది ఒక్కటే. ఆ తెల్లవారుజామున నిజం చిరుత ఒకటి గుట్ట దిగి హన్మమ్మ దొడ్డిలోంచి పెయ్యను లాక్కుపోయింది. హన్మమ్మ మొగుడు పోయిన మనిషి. ఆ పెయ్య ఎదిగి పాడికొస్తే తన బతుకు ఒడ్డెక్కుతుందని రెండేళ్లుగా దానికి తన నోటి కూడు పెట్టి పెంచింది. ప్రతి ఏడూ ఈరన్న జోలెలో అందరికంటే ముందు జొన్నలు పోసేదీ ఆమే. ఈరన్న ఎప్పటిలాగే ముందు ఆమె గడపకే వచ్చాడు. గోడ మీది నుంచి వాకిట్లోకి దుమికి, నాలుగు కాళ్ల మీద వంగి, ఎర్రటి మూతి ఎత్తి గాండ్రించాడు.

ఎవరూ నవ్వలేదు. హన్మమ్మ ఎంత గట్టిగా కేక పెట్టిందంటే, పక్క వీధిలో బండి కడుతున్నవాళ్లు కాడి వదిలేసి పరుగెత్తుకొచ్చారు.

"వీడే! గుట్ట దిగొచ్చిండు! మూతికి నెత్తురు సూడుండ్రి! నా పెయ్యను తిన్న మూతే గది!"

మనిషి రూపంలో తిరిగే మాయపులులుంటాయని ఆ ఊరి నమ్మకం. కర్రలు లేచాయి. ఇది కూడా ఆటలో భాగమే అనుకుని ఈరన్న మరోసారి గుర్రుమన్నాడు. అదే అతని కొంప ముంచింది. క్షణంలో పదిమంది మీదపడి తాళ్లు బిగించి, వీధిలోకి ఈడ్చుకుపోయి అక్కడి బండి చక్రానికి కట్టేశారు. ఊరి పెద్ద వెంకట్రాములు ముందుకొచ్చి నిలబడ్డాడు.

"మనిషివైతే మాట్లాడురా."

ఈరన్న నోరు తెరిచాడు, మూసుకున్నాడు. రంగు ఒంటి మీదనే ఉంది. చావొచ్చి కూర్చున్నా నాయన మాటే గుర్తొచ్చే మనిషిని ఏమనాలి? నీళ్లు పొయ్యమని కళ్లతో, గడ్డంతో సైగ చేశాడు. అది చూసి జనం ఇంకాస్త బెదిరారు. మొదటి దెబ్బ భుజాన పడింది. రెండోది మోకాలి మీద. మూడో దెబ్బకు ఇరవై ఏళ్ల కట్టుబాటు తెగిపోయింది.

"హన్మవ్వా, నేనే! ఈరన్నను! ఏటా నీ జొన్నలు తినేటోన్ని! నీ పెయ్య సంగతి నాకు తెల్వదవ్వా!"

ఏడుస్తూ అన్నాడు. ఇక వదిలేస్తారనే అనుకున్నాడు. మాట్లాడమన్నది వాళ్లే కదా!

"గొంతు మార్చుడు గీనికి కొత్తనా?" అన్నాడు వెంకట్రాములు. "నిన్న అమీను లెక్క మాట్లాడిండు. మొన్న ఆడిదాని లెక్క మాట్లాడిండు. ఇయ్యాల ఈరన్న లెక్క మాట్లాడుతుండు. అసలు ఈరన్న ఎట్లుంటడో మీల ఎవరికన్న ఎర్కనా?"

ఈరన్న ఒక్కొక్కరి మొహం వంకా చూశాడు. హన్మమ్మ వంక ఎక్కువసేపు చూశాడు. ఆమె తల తిప్పుకుంది. ఇన్నేళ్లు జొన్నలు పోసిన చేతికి జోలె గుర్తుంది గాని మనిషి గుర్తులేడు. కర్ర దెబ్బలకంటే అది గట్టిగా తగిలింది ఈరన్నకు.

నిజం చెప్పాలంటే ఆ చిరుత సంగతి ఊరికి తెలియక కాదు. పదిహేను రోజులుగా మేకలు పోతూనే ఉన్నాయి. కాని ఆ గుట్టల్లో వేట దొరలది. హుకుం లేకుండా చిరుత మీద రాయి విసిరినా తోలు ఊడుతుంది. అర్జీ పెట్టారు, జవాబు రాలేదు. జంగపువాణ్ణి కొట్టడానికి ఏ హుకుమూ అక్కర్లేదు. ఇంత సులువైన పులి దొరికితే ఎవరు వదులుతారు! సిగ్గులేని లోకం.

"కొడవలి కాల్చుకురాండ్రి. వాత పెడితే అసలు రూపం బయటపడ్తది" అన్నాడు వెంకట్రాములు.

కొలిమిలోంచి కొడవలి ఎర్రగా వచ్చింది. దాని వేడి మొహానికి తగిలినప్పుడు ఈరన్నకు అర్థమైంది. వాత పెట్టినా రూపం మారదు. మారేదాకా పెడుతూనే ఉంటారు. మనిషినని చెప్పి బతికే దారి ఇక లేదు.

అప్పుడు గాండ్రించాడు.

అది వాకిళ్లలో పిల్లల్ని నవ్వించే గాండ్రింపు కాదు. ఇరవై ఏళ్ల పనితనం, మూడు దెబ్బల నొప్పి, చావు భయం అన్నీ కలిసి కడుపులోంచి లేచాయి. తాళ్లు బిగుసుకున్నాయి, చక్రం కిర్రుమంది, బండి ఒక జానెడు కదిలింది. కొడవలి కింద పడింది. హన్మమ్మ, వెంకట్రాములు, పదిమంది మొనగాళ్లు, ఎవరు ఎటు పోయారో! తలుపులు టపటపా మూసుకున్నాయి. వీధిలో కుక్క కూడా మిగల్లేదు.

ఒక్క మనిషి మిగిలింది. గోల విని వాగు ఒడ్డు నుంచి పరుగెత్తుకొచ్చిన మల్లమ్మ వీధి మలుపులో నిలబడి ఉంది. చేతిలో కట్టె.

"మల్లీ, జర జల్ది తాడిప్పు. మళ్లొస్తరు" అన్నాడు.

మల్లమ్మ కదల్లేదు. ఇద్దరు పిల్లల్ని కని మట్టిలో పెట్టినప్పుడు కూడా పక్కనే కూర్చున్న మొగుడు అతను. అతని వంకే కళ్లార్పకుండా చూస్తూ ఒక అడుగు వెనక్కి వేసింది.

"ఆ అరుపు... నువ్వేనా?" అంది.

"నేను కాకుంటే ఇంకెవరే!"

చాలాసేపటికి వచ్చింది. ముందు నుంచి కాదు, చక్రం వెనక నుంచి. వంగి ముడి విప్పింది. తాడు వదులుకాగానే పది అడుగులు దూరం ఉరికి, కట్టె ఎత్తి పట్టుకుని నిలబడింది.

"నువ్వు ముందర నడువు. నేను ఎనక ఒస్త."

ఆత్మకూరు దారి పట్టారు. ఈరన్న కుంటుతూ ముందు, మల్లమ్మ ఇరవై బారల వెనక. మోకాలు నొప్పికి తాళలేక అతను ఆగితే ఆమె కూడా అక్కడే ఆగిపోయింది. దగ్గరికి రమ్మని చెయ్యి చాపాడు. ఆమె కట్టె దించలేదు. అతను మళ్లీ నడక మొదలుపెడితేనే నడిచింది.