తెల్లపొడి కింద మునిగిన లోహం

పోయిన ఆదివారం నందిగామలో మా తమ్ముడింటికి వెళ్ళాను. తమ్ముడంటే మా బాబాయి కొడుకు. వాళ్ళమ్మాయి విజయవాడలో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదువుతోంది. కాఫీ చేతికిచ్చీ ఇవ్వకముందే ఫోనులో ఒక వీడియో పెట్టి నా కళ్ళజోడు ముందుకు తెచ్చింది. పెద్ద మైక్రోస్కోపు కింద తీసినదట. తెల్లపొడి రేణువు మీద లోహం చిన్న చుక్కలా కూర్చుని ఉంటే, వేడి పెరిగేకొద్దీ కిందనున్న ఆ పొడే పల్చగా పైకి పాకి, పాల మీద మీగడ కట్టినట్టు లోహాన్ని కప్పేసింది. నేను గుడ్లప్పగించి చూస్తుంటే ఆ పిల్ల నవ్వుతూ, "పెదనాన్నా, తాతయ్య ఇలాగే ఎక్కువ కాల్చేసి ఫ్యాక్టరీలో క్యాటలిస్ట్ తగలేశాడంట కదా, అందుకే పీకేశారంట, నాన్న చెప్తాడు" అంది.

నా ఒళ్ళు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు.

నా ఈడువాళ్ళకు గుర్తుండే ఉంటుంది, ఆ రోజుల్లో జగ్గయ్యపేట చుట్టుపక్కల ఉద్యోగమంటే సిమెంటు, లేకపోతే సున్నపురాయి క్వారీ. అలాంటిచోట మందుల ముడిసరుకు చేసే చిన్న ఫ్యాక్టరీ ఒకటి వస్తే, అందులో ఫర్నేస్ చూసుకునే బాబాయి, ఎమ్మెస్సీ పట్టా పట్టుకుని ఊరికే తిరుగుతున్న నన్ను తీసుకెళ్ళి ల్యాబులో కెమిస్టుగా పెట్టించాడు. అక్కడ పల్లాడియమనే ఖరీదైన లోహాన్ని చిటికెడంత తీసుకుని టైటానియం ఆక్సైడ్ అనే తెల్లపొడి మీద పరిచి, హైడ్రోజన్ పంపుతూ సన్నటి వేడి మీద క్యాటలిస్టు, అంటే రసాయన చర్యను వేగంగా నడిపించే సరుకు, సిద్ధం చేసేవాళ్ళం. పనంతా లోహానిదే, పొడి దాన్ని మోసే పీట మాత్రమే అని నేను కాలేజీలో చదివి వచ్చాను. పదో తరగతి దాటని బాబాయి మాత్రం, కింద ఉన్నది ఊరికే కూర్చోదనీ, మంట మితిమీరితే అది లోహం మీద పెత్తనం చేస్తుందనీ అనేవాడు. ఒకసారి ఎక్కువ కాలి మందగించిన చిన్న గిన్నెడు సరుకు, గాలిలో మళ్ళీ వేడి తగలగానే బాగుపడటం ఆయన కళ్ళారా చూశాడు. నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి.

కొత్తగా వచ్చిన మేనేజరు సున్నపు బట్టీల మీద పెరిగిన మనిషి. సగం కాలిన రాయి దేనికీ పనికిరాదు, ఎంత కాలిస్తే అంత మంచిదన్నదే ఆయనకు తెలిసిన విద్య. తెల్లగా కనిపించిందల్లా ఆ మహానుభావుడికి సున్నమే! ఆర్డరు తొందరగా ఉందని ఒకరోజు మధ్యాహ్నం వచ్చి, రెండు వందల డిగ్రీల దగ్గర ఆపవలసినదాన్ని ఐదు వందలకు పెంచమన్నాడు. బాబాయి వద్దండీ అని రెండుసార్లు బతిమాలాడు, నేను పక్కనే ఉన్నాను. ఆ ఫ్యాక్టరీలో మేనేజరు ఏది చెప్పినా నోటిమాటే, పుస్తకంలో రాసి సంతకం పెట్టేది మాత్రం ఫర్నేస్ మనిషి. సాయంత్రానికి తీసిన సరుకు బూడిదరంగు పోయి నీలానికి తిరిగింది. మర్నాడు మందు తయారయ్యే రియాక్టరులో వేస్తే చలనం లేదు.

ఆ పెద్దమనిషి తను చెప్పిన మాట తనే గుటుక్కున మింగేశాడు. ఫర్నేస్ మనిషి తన ఇష్టానికి వేడి పెంచాడని కాగితం టైపు చేయించి, సాక్షిగా నన్ను సంతకం పెట్టమన్నాడు. పెట్టాను. కొత్త ఉద్యోగం, ఇంకేం చెప్పను! బాబాయి ఆ మధ్యాహ్నమే క్యారేజీ పట్టుకుని గేటు దాటుతూ, గాలిలో కాల్చి, మళ్ళీ హైడ్రోజన్ సన్నగా ఇచ్చి చూడమని నాకు చెప్పి వెళ్ళాడు. అలాగే చేశాను. వీడియోలోలా లోహాన్ని కప్పిన పొర విడిపోయింది, లోహం బయటపడింది, సరుకు మొత్తం బాగుపడింది. మేనేజరుకు మెచ్చుకోళ్ళు, నాకు సీనియర్ కెమిస్టు పదవి. బాగుపడ్డాక అయినా బాబాయిని పిలవండని అడగడానికి నాకు నోరు రాలేదు. ఆయన పోయేదాకా నందిగామ, కంచికచర్ల మధ్య ఆటో నడిపాడు. కంచికచర్ల దగ్గర ఎప్పుడైనా ఎదురైతే ఆటో ఆపి, ఎక్కరా అనేవాడు.

ఇప్పుడు ప్రతి డిగ్రీనీ యంత్రమే రాసుకుంటుంది, ఎవరు పెంచమన్నారో కూడా పేరుతో సహా ఉంటుంది. అప్పుడు ఆ యంత్రం చేయవలసిన పని నాది. దానికున్న నిజాయితీ నాకు లేకపోయింది.

ఇదంతా చెప్పేసరికి పిల్ల మొహంలో నవ్వు మాయమైంది. లోపలికి వెళ్ళి వాళ్ళ నాన్నను తీసుకొచ్చి, "మళ్ళీ చెప్పండి పెదనాన్నా, నాన్న కూడా వినాలి" అని నా ఎదురుగా కూర్చోబెట్టింది. సంతకంతో సహా మొదటినుంచీ చెప్పాను. తిడతాడనుకున్నాను, తిట్టించుకోవాలనే ఉంది నాకు. వాడు ఒక్కటే అన్నాడు.

"నాన్నకి నువ్వంటే ఎంత గొప్పో అన్నయ్యా. ఆ సరుకు బాగుచేసింది మావాడేనని ఆటో ఎక్కినోళ్ళందరికీ చెప్పేవాడు."