వాకుడు గింజల పొగ

నా చిన్నప్పుడు భట్టిప్రోలు చుట్టుపక్కల ఎవరి పిల్లలకు పన్ను పుచ్చినా మా ఇంటికే తీసుకొచ్చేవారు. మా నాయనమ్మ పంటి పురుగులు తీసేది. వాళ్ళ అత్తగారు నేర్పిన పని అది. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు.

వాకుడు ముళ్ళ చెట్టుకు పసుపుపచ్చని కాయలు కాస్తాయి. వాటి గింజలు ఎండబెట్టి దాచేది. పళ్ళెంలో నీళ్ళు పోసి, మధ్యలో ఇటుక ముక్క పెట్టి, దాని మీద ఎర్రగా కాల్చిన ఇనుప ముక్క ఉంచి, నెయ్యి కలిపిన గింజలు వేసి, వెంటనే చిల్లుకుండ బోర్లించేది. చిల్లులోంచి వచ్చే పొగను పిల్లలు నోరు తెరిచి పట్టాలి. కాసేపాగి కుండ ఎత్తితే నీళ్ళలో సన్నని తెల్లని పురుగులు తేలుతుండేవి. లెక్కలంటే నాకు ఇష్టం కనుక వాటిని లెక్కపెట్టే పని నాది. నేను పైకి లెక్కపెడుతుంటే ఏడ్చే పిల్లలు కూడా ఏడుపు ఆపి వినేవారు.

మా చెల్లికి అయిదేళ్ళప్పుడు కింది దవడ పన్ను పుచ్చి నల్లబడింది. ఆ పక్క అన్నం నమలలేకపోయేది. తెనాలిలో డాక్టరుకు చూపిద్దామని నాన్న అంటే ఇంట్లో అందరూ నవ్వారు.

"పాలపన్నుకి డాక్టరేంట్రా? రేపో మాపో ఊడేదేగా" అంది నాయనమ్మ.

పొగ పట్టించింది. పురుగులు పడ్డాయి. రెండు రోజుల్లో నొప్పి పోయింది, చెల్లి మళ్ళీ బెల్లం ముక్క అడిగింది. పురుగులు పడ్డాయి, నొప్పి పోయింది. ఆ రెండూ పక్కపక్కనే కనిపిస్తుంటే ఇంకెవరు అడుగుతారు?

కొన్నాళ్ళకు దవడ కింద వాచింది. గవదబిళ్ళలనుకుని ఉప్పు మూటతో కాపడం పెట్టారు. వాపు మెడలోకి దిగింది. నోరు తెరవలేక, ఉమ్మి కూడా మింగలేక చెల్లి అవస్థపడుతుంటే అప్పుడు రేపల్లె నుంచి వచ్చే పొద్దుటి రైలెక్కించి తెనాలి తీసుకెళ్ళారు. నేనూ వెళ్ళాను.

"పన్ను నొప్పేమైనా ఉండేదామ్మా?" అని డాక్టరు గారు అడిగారు.

"ఉండేదండి. ఎప్పుడో పోయింది. పురుగులన్నీ తీసేశాను" అంది నాయనమ్మ, ఆ ఆదుర్దాలో కూడా కాస్త ధీమాగా.

"జబ్బు నయమై నొప్పి పోలేదమ్మా. పన్ను లోపల చచ్చిపోయింది, అందుకని తెలియలేదు. చీము గొంతు దాకా దిగింది."

ఆ సాయంత్రమే చెల్లి పోయింది. అద్దె కారులో ఇంటికి తీసుకొచ్చాం. దారి పొడుగునా నాయనమ్మ ఆ వాచిన దవడ మీద నుంచి చెయ్యి తీయలేదు.

ఏడాది తిరక్కుండానే నా దవడ పన్ను పుచ్చింది. నొప్పికి నేను ఏడుస్తుంటే పక్కింటి పిన్ని వచ్చి, "ఏంటత్తయ్యా ఇంకా ఆలోచన? గింజలు తీయండి" అంది.

నాయనమ్మ అన్నీ సిద్ధం చేసింది. నేను అలవాటుగా వంగి నోరు తెరిచాను. ఆమె నా భుజం పట్టి వెనక్కి నెట్టింది.

"నువ్వెళ్ళి అరుగు మీద కూర్చో."

పొగ ఎవరి నోట్లోకీ పోకుండా పైకి లేచి చూరుకు తగిలింది. కుండ ఎత్తింది. పురుగులు తేలుతున్నాయి.

"లెక్కపెట్టు" అంది. లెక్కపెట్టాను.

"చెల్లికెన్ని పడ్డాయి?"

"ఇంచుమించు ఇన్నే, నాయనమ్మా."

ఆమె కాలకుండా నీళ్ళలో పడి నానిన గింజ ఒకటి తీసి గోటితో చీల్చింది. లోపల అదే తెల్లని పోగు, చుట్టుకుని ఉంది.

"ఇవి గింజలోవేనే" అంది పిన్నితో.

"ఊరుకోండత్తయ్యా. మనసు బాగోక అలా అనిపిస్తోంది. ఇంతమందికి తగ్గలా?"

"తగ్గినోళ్ళొచ్చి చెప్పారు. తగ్గనోళ్ళు ఏమయ్యారో మనం ఎప్పుడైనా అడిగామా?"

నాన్న లోపలికి వెళ్ళి చొక్కా తొడుక్కొచ్చాడు. ఆ మధ్యాహ్నమే తెనాలిలో నా పన్ను పీకించారు. పీకుతున్నంతసేపూ నాయనమ్మ నా కాళ్ళు పట్టుకుని ఉంది.

ఆ తరువాత కూడా పిట్టలవానిపాలెం నుంచి, ఇంకా ఎక్కడెక్కడి నుంచో పిల్లల్ని తీసుకొస్తూనే ఉన్నారు. ఆమె వాళ్ళ ఎదుటే ఎవరి నోటికీ పట్టించకుండా పొగ వేసి, అయినా పడిన పురుగుల్ని చూపించి పంపేసేది. కొందరు నమ్మారు. ఎక్కువమంది నమ్మలేదు. మనవరాలు పోయాక ఆమె చేతివాసి పోయిందని చెప్పుకుని మరొకరి దగ్గరికి వెళ్ళారు.

"పోవడానికి అసలు అదెప్పుడుంది?" అనేది నాయనమ్మ.

నాకు లెక్కలు ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అయినా ఊళ్ళో పొలం కొలతకూ ఇంటి అంచనాకూ నన్నే పిలుస్తారు. ఫలానా ఎరువు వల్లే పంట పెరిగిందని ఎవరైనా అంటే, అది వేయని మడి ఎలా ఉందో ముందు చూస్తాను. నా చాదస్తమని నవ్వుతారు.

మొన్న మా మనవరాలు రెండు రోజులు పన్ను నొప్పని ఏడ్చి, మూడో రోజు పొద్దున ఆడుకుంటూ వచ్చింది. "నొప్పి పోయింది తాతయ్యా" అంది. ఇంట్లో అందరూ హమ్మయ్య అనుకున్నారు. నేను లేచి బండి తాళం తీసుకున్నాను.