పెద్దమ్మ దగ్గితే మారిన గేరు

ఆ రోజుల్లో అంటే మరీ రాజుల కాలమేం కాదు. అందరి చేతుల్లోకీ ఫోన్లు వచ్చేశాయి, మా నరసరావుపేట మాత్రం ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉంది. నాకు కొత్తగా ఉద్యోగం వచ్చింది, ఆ వాసన పట్టుకుని సంబంధాలు రావడం మొదలైంది. సరిగ్గా అప్పుడే, జీవితమంతా ట్రాక్టరు గేరు రాడ్డుతో కుస్తీ పట్టిన మా పెదనాన్న, గేర్లు తనంతట తానే మార్చుకునే కారొకటి విజయవాడ నుంచి సెకండ్ హ్యాండ్‌లో కొనుక్కొచ్చాడు. మనిషి చెయ్యి వెయ్యకుండా ఇనుము తనలో తాను ఆలోచించుకుని పని చెయ్యడం ఇప్పటి పిల్లలకి లెక్కలోకి రాదు గానీ, మాకది మహిమ. బజారులో వాళ్లంతా వచ్చి, తలుపు తీసి, కాళ్ల దగ్గర వంగి వంగి చూసి, "క్లచ్చు ఏదబ్బా?" అని వెతికి, లేదని తేలాక లేచి నిలబడి, బానెట్టు వంక చూసేవారు. (ఒకాయనైతే చెప్పులు బయట విడిచి మరీ ఎక్కాడు. దిగేటప్పుడు మేం వేరే వీధిలో ఉన్నాం, అది వేరే సంగతి.) చలించనిది పెద్దమ్మ ఒక్కతే. "ఇది ఆటోమేటిక్కే" అని పెదనాన్న మీసం సవరించుకుంటే, "ఇంత పోసి ఆటోనా కొనుక్కొచ్చింది!" అంది.

అయితే మహిమ ఉన్నచోట పూనకం కూడా ఉంటుందిగా. గేరు మారిన ప్రతిసారీ ఆ కారు ఒక్క క్షణం ఆగి, ఏదో గుర్తొచ్చినట్టు ఉలిక్కిపడి ముందుకు దూకేది. లోపలున్న వాళ్ల తలలన్నీ ఒకేసారి ముందుకు వంగి, ఒకేసారి వెనక్కి పోయేవి. బయటి వాళ్లకి మేమేదో ముఖ్యమైన విషయం మీద ఏకాభిప్రాయానికి వచ్చినట్టు కనిపించేది. మెకానిక్కు కింద దూరి, పైకి లేచి, నూనె మార్చి, చివరికి, "జబ్బేం లేదన్నా, ఈ రకం బండ్ల నైజమే అంత. గేరు మారే టైముకి ఎక్సలేటర్ మీద కాలు కాస్త తేలిక చెయ్యాలి" అన్నాడు. ఎప్పుడు మారుతుందో ఎట్టా తెలుస్తుందని అడిగాను. "అది దాని ఇష్టం" అన్నాడు. అప్పటి నుంచి నేను మర్యాదగా 'గేరు గారు' అనడం మొదలుపెట్టాను.

ఇంతలో గురజాల నుంచి ఒక సంబంధం వచ్చింది. పిల్ల నాకు నచ్చింది. నచ్చిందంటే మామూలుగా కాదు, ఫొటో ఉన్న ఫోను రాత్రిళ్లు తలగడ కింద పెట్టుకునేంత. మా వైపు పిల్లనిచ్చే ముందు ఆడపిల్ల వాళ్లు అబ్బాయి ఇల్లు చూడ్డానికి వస్తారు. వాళ్లింట్లో ఆఖరి మాట వాళ్ల నాయనమ్మది. ఆవిడకి బండి కుదిపితే కళ్లు తిరుగుతాయి. అంతకుముందు ఒక సంబంధానికి వెళ్తూ సగం దారిలో కళ్లు తిరిగాయని, శకునం బాగాలేదని, కారు వెనక్కి తిప్పించేసిందట. ఆ తర్వాత ఆ ఊరి పేరే ఎత్తనివ్వలేదట. ఇదంతా పిల్ల తండ్రి ఫోనులో చెప్తుంటే, మా పెదనాన్న, "దాందేముంది బావగారూ, మావాడే కారు తీసుకుని వస్తాడు. మాది గేర్ల బండి కాదు, కృష్ణలో పడవ పోయినట్టు పోద్ది" అనేశాడు. నా గుండె మొదటి గేరులోనే ఆగిపోయింది. బండి కుదిపితే సంబంధం కుదరదు.

మర్నాడు పొద్దున్నే కోటప్పకొండ రోడ్డు మీద నాకు పరీక్ష. ముందు సీట్లో పెద్దమ్మ, ఆవిడ ఒడిలో నిండా మజ్జిగ చెంబు. "నీళ్లయితే ఆరిపోతయ్, మజ్జిగైతే నీ తోలుడు ఎట్టుందో చీర మీద కనపడుద్ది" అని పెదనాన్న ఏర్పాటు. రెండో గేరుకే సగం మజ్జిగ పెద్దమ్మ పాలైంది. "ఒరేయ్, నువ్వు పెళ్లికి పనికి రావు గానీ, కవ్వంగా పనికొస్తావురా!" అని అరిచింది. కొంచెం దూరం పోయాక మాత్రం ఉన్నట్టుండి అరుపులు మానేసి, చెవి ఇంజను వైపు వొంచి కూర్చుంది. "ఒరేయ్, దూకే ముందర అది ఊపిరి బిగబడతాంది. విను... ఇదుగో... ఇప్పుడు కాలు తీయ్!" అంది. తీశాను. గేరు మారింది. చెంబులో మజ్జిగ తొణకలేదు.

నేను బండి ఆపేశాను. ఎక్కడో ఇనుములో, నూనెలో దాక్కుని ఉన్న ఆ క్షణాన్ని, స్కూటీ కూడా ఎక్కడం రాని మా పెద్దమ్మ పసిపిల్ల ఏడుపు ముందే పసిగట్టినట్టు పట్టుకుంది. నేనెంత చెవులు రిక్కించినా వినిపించింది ఇంజను మోతే. ఇక వేరే దారి లేదు, గురజాలకి పెద్దమ్మ కూడా రావాల్సిందే. కాకపోతే పెళ్లివారి ముందు "తీయ్, తీయ్" అంటే బాగోదు కాబట్టి, గేరు మారే ముందు వెనక సీట్లో నుంచి ఒక చిన్న దగ్గు దగ్గాలని ఒప్పందం.

గురజాలలో పిల్ల తండ్రి మిగతా వాళ్లతో వేరే బండిలో ముందే బయల్దేరాడు. నాయనమ్మ నా పక్కన కూర్చుని, చీర కుచ్చిళ్లు సర్దుకుని, తలుపు పైనున్న పిడి గట్టిగా పట్టుకుంది. వెనక నుంచి దగ్గు. కాలు తీశాను. మళ్లీ దగ్గు. మళ్లీ తీశాను. బండి నిజంగానే పడవైంది. నాయనమ్మ మెల్లగా పిడి వదిలింది. నేను ఆకాశంలో ఉన్నాను. పిడుగురాళ్ల వచ్చేదాకా.

పిడుగురాళ్ల బజారులో లారీలు, ఎడ్లబండ్లు, స్పీడు బ్రేకర్లు. ఆగడం, కదలడం, ఆగడం, కదలడం. కదిలిన ప్రతిసారీ గేరు, గేరు మారిన ప్రతిసారీ దగ్గు. పాపం పెద్దమ్మ దగ్గి దగ్గి కళ్లల్లో నీళ్లొచ్చాయి. నాయనమ్మ వెనక్కి తిరిగింది.

"అమ్మాయ్, ఈ దగ్గు ఎన్నాళ్ల నుంచే?"

"ఇప్పుడే అత్తయ్యా, దుమ్ముకి."

"దుమ్ము నాకూ కొడతాందిగా. మరి నాకు రావట్లేదే? మీ ఇంట్లో ఇంకెవురికన్నా ఉందా?"

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దగ్గు మానేసింది. వెంటనే బండి ఎగిరి దూకింది. నాయనమ్మ పిడి పట్టుకుని కళ్లు మూసుకుంది. భయంతో పెద్దమ్మ దగ్గింది. నాయనమ్మ కళ్లు తెరిచి ఆవిడ వంక అనుమానంగా చూసింది. దగ్గితే రోగం, దగ్గకపోతే శకునం! ఊరు దాటగానే, "బండి ఆపు నాయనా" అందావిడ. ఆ మాటతో ఫోనులో ఉన్న ఫొటో నా కళ్ల ముందు నుంచి గురజాల వైపు వెళ్లిపోయింది.

ఆపాను. ఉండబట్టలేక పెద్దమ్మే అంతా కక్కేసింది. పూనకం, మజ్జిగ, ఊపిరి బిగబట్టడం, ఒప్పందం, అన్నీ. "నాకు ఏ రోగం లేదు అత్తయ్యా, రోగమంతా ఈ కారుకే" అని ముగించింది. నాయనమ్మ పిడి వదిలి, బానెట్టు వంక ఒకసారి పరకాయించి చూసింది. ఆ తర్వాత, "పోనీ, చూద్దాం. నువ్వు దగ్గమాక అమ్మాయ్" అంది. బండి కదిలింది. ఆవిడ తల వంచి, కళ్లు సగం మూసి వింటోంది. ఉన్నట్టుండి, "ఊఁ" అంది. నా కాలు దానంతట అదే లేచింది. గేరు మారిన సంగతి మా ముగ్గురిలో ఎవరి ఒంటికీ తెలియలేదు. "ఓరి దీని దుంప తెగ! దీనికి ప్రాణముందే!" అంది నాయనమ్మ, చిన్నపిల్లలా. అక్కడి నుంచి నరసరావుపేట దాకా వాళ్లిద్దరూ వంతులేసుకుని "ఊఁ" కొడుతూ, మధ్యలో పచ్చడి సంగతులు మాట్లాడుకుంటూ వచ్చారు. నాకు మాత్రం ఒక్కసారీ ఆ ఊపిరి వినపడలేదు. ఇద్దరు ఆడవాళ్ల మధ్య ఏదో గుళ్లో కూర్చున్నట్టు అనిపించి, గట్టిగా హారను కొట్టడానిక్కూడా జంకాను.

ఇంటికొచ్చాక ఆవిడ గదులు చూడలేదు, గొడ్ల చావిడి చూడలేదు. అరుగు మీద కూర్చుని మజ్జిగ తాగి, కొడుకుతో, "ముహూర్తం పెట్టించరా" అంది.

"ఇల్లు చూడకుండానే ఏందమ్మా?"

"ఇల్లేం చేసుకుంటాం రా? ఇంట్లో ఆడది దగ్గితే కాలు వెనక్కి తీసేవోణ్ణి మన వొంశంలో ఒక్కణ్ణి చూపించు."

పెదనాన్న అది తన కారుకి దక్కిన గౌరవం అనుకున్నాడు. నేను నా డ్రైవింగుకి అనుకున్నాను. బండి బాగా తోలినందుకే పిల్లనిచ్చారని పెళ్లయ్యాక కూడా కొన్నేళ్లు నలుగురికీ చెప్పుకుని తిరిగాను. మా ఆవిడ పక్కనే ఉండి వింటూ నవ్వేది. ఆ నవ్వుకి అర్థం తెలియడానికి నాకు చాలా కాలమే పట్టింది. ఇప్పుడు తలుచుకుంటే అప్పటి నాలోని కుర్రాడి మీద జాలీ, ముచ్చటా రెండూ కలుగుతాయి. ఒకరు వెనక సీట్లో, ఒకరు పక్క సీట్లో కూర్చుని అసలు బండిని వాళ్లిద్దరూ తోలుతుంటే, స్టీరింగు పట్టుకున్నందుకు తనే తోలుతున్నానని నమ్మి, ఎంత గంభీరంగా రోడ్డు వంక చూస్తున్నాడో!