కొండ మీద దొరికిన సిగ్నల్

పాలకొల్లులో నర్సుగా చేసిన ఆదిలక్ష్మి కార్డిఫ్‌లో ఒక కేర్ హోమ్‌లో చేరి రెండేళ్లయింది. ముసలివాళ్లను లేపి, కడిగి, తినిపించి, పడుకోబెట్టడం ఆమె పని. పద్దెనిమిది రోజులు వరసగా చేశాక డ్యూటీల రోటాలో ఒక్క ఆదివారం ఖాళీ దొరికింది. రోజంతా పడుకోవాలనుకుంది. ఫ్లాట్‌లో పక్క గదిలో ఉండే కరీంనగర్ పిల్ల, ఎమ్మెస్సీ చదివే స్నేహలత, పడుకోనివ్వలేదు. తన పాత కారెక్కించి బ్రెకన్ కొండలకు తీసుకొచ్చింది. చిన్న సరస్సు పక్కనుంచి కొండెక్కి, అవతల పెద్ద సరస్సు దగ్గర దిగి, చుట్టు తిరిగి మళ్లీ కారు దగ్గరికి రావాలి.

చిన్న సరస్సు దగ్గరే ఆదిలక్ష్మి మోకాళ్లు మొరాయించాయి. రాతిమీద కూలబడింది గాని నీళ్లవైపు చూడలేదు. ఫోన్‌లో సిగ్నల్ లేదు.

"మేనేజరమ్మ ఫోన్ చేస్తే ఎలాగే?"

"చెయ్యనీ అక్కా. ఇయ్యాల నీకు ఛుట్టీ గద!"

"నీకేం, ఎన్నయినా చెప్తావు. నా వీసా ఆవిడ చేతిలో ఉందమ్మా."

ఇది ఆమె ఒక్కదాని భయం కాదు. వీసాకు స్పాన్సర్ చేసిన యజమాని వద్దంటే రెండు నెలల్లో మరొకరిని వెతుక్కోవాలి, లేదంటే దేశం వదలాలి. అందుకే మనవాళ్లు స్నానానికి వెళ్లినా ఫోన్ వెంట పట్టుకెళతారు. ఈ దేశం తన ముసలివాళ్లను ఇలాంటి భయం మీదే సాకుతోంది.

సిగ్నల్ కోసమే ఆదిలక్ష్మి ఆగకుండా కొండెక్కింది. పైకి చేరేసరికి పన్నెండు. నాలుగు మిస్డ్ కాల్స్. ఆయాసం తీరకముందే తిరిగి ఫోన్ చేసింది. ఒకమ్మాయి సిక్ అయిందట, రెండింటికి రమ్మంది మేనేజర్.

"ఎస్ మేడమ్," అనేసింది.

స్నేహలత తల పట్టుకుంది. "ఎట్ల ఒప్పుకుంటివి అక్కా? ముందుకు పోయినా ఎన్కకు పోయినా కారు కాడికి రెండు గంటలు. ఆడికెళ్లి కార్డిఫ్‌కు గంటన్నర. ఎగురుకుంట పోతవా?"

రెండేళ్లలో ఆదిలక్ష్మి నోటికి ఇంకో జవాబు అలవాటు కాలేదు. మేనేజర్ నంబరు మళ్లీ నొక్కింది.

"సారీ మేడమ్, రాలేను. కొండ మీదున్నాను."

"ఇప్పుడే కదా వస్తానన్నావు?"

"అలవాటుకొద్దీ అనేశాను. ఈరోజు నాకు సెలవు."

"రేపు ఆఫీసులో కలువు," అని మేనేజర్ ఫోన్ పెట్టేసింది.

"భయమైతుందా?"

"అవదేంటి మరి?"

పెద్ద సరస్సు దగ్గర ఆదిలక్ష్మి బూట్లు విప్పి, వాచిన పాదాలు నీళ్లలో పెట్టింది. జివ్వుమంది. అయినా తియ్యలేదు. ఫోన్ సంచి అడుగున ఉంది.

"లే అక్కా, వానొస్తది."

"రానీ. ఇంకో పది నిమిషాలు కూర్చుంటాను."