గాజుల చేతులతో స్విమ్మింగ్‌పూల్‌కి

ఆ రోజుల్లో అని మొదలుపెట్టే వయసు నాకింకా రాలేదు. కానీ పాప కడుపులో ఉన్నప్పటి ఏడో నెల గుర్తొస్తే అప్పటి నేను ఎవరో వేరే మనిషిలా అనిపిస్తుంది. అప్పుడు నా ఫోనూ నా కోపమూ ఎప్పుడూ ఫుల్ ఛార్జింగ్‌లో ఉండేవి. హైదరాబాద్‌లో పుట్టి పెరిగి, పెళ్లయ్యాక కరీంనగర్ వచ్చినదాన్ని. హైదరాబాద్‌లో మా అపార్ట్‌మెంట్‌లో స్విమ్మింగ్‌పూల్ ఉండేదని అత్తగారింట్లో వీలు దొరికినప్పుడల్లా చెప్పేదాన్ని. (అబద్ధం కాదు, ఉండేది. దాని పక్కన నిలబడి సెల్ఫీలు దిగడమే తప్ప ఏనాడూ అందులో కాలు పెట్టలేదు. నీళ్లంటే నాకు చచ్చేంత భయం.)

ఆ నెలలో నడుములో మొదలైన నొప్పి కుడికాలి మడమ దాకా పాకింది. మంచం దిగాలంటే గోడ పట్టుకోవాలి. డాక్టరమ్మ చూసి, నీళ్లలో మెల్లగా నడిస్తే తగ్గుతుంది, ఇక్కడి పూల్‌లో ఆడవాళ్ల బ్యాచ్ ఉంది, టీచర్ దగ్గరుండి చేయిస్తుంది అంది. ఇలాగే కదలకుండా పడుకుంటే కాన్పు నాటికి లేచి నిలబడటమే కష్టమవుతుందనీ అంది. పక్కనే ఉన్న మా ఆయన సంబరంగా, మా ఆవిడకి పూల్ అలవాటేనండీ అన్నాడు. ఇంటికొచ్చేదాకా అతనితో మాట్లాడలేదు. ఎందుకో అతనికి తెలియదు, చెప్పే మొహం నాకు లేదు.

కడుపుతో ఉన్నవాళ్లు పూల్‌లో దిగితే ప్రమాదమని ఎక్కడైనా రాశారేమోనని ఫోనంతా వెతికాను. పాడు ఫోన్, అన్నీ మంచిదనే చెప్పింది. చివరికి అత్తమ్మ వెంట పూల్‌కి వెళ్లాక, తప్పించుకునే దారి అక్కడి గోడ మీదే దొరికింది. లోపలికి గాజు వస్తువులు తేరాదని అక్కడ బోర్డు పెట్టారు. సీమంతంలో మా అత్తమ్మ తొడిగించిన గాజులు నాకు మణికట్టు నుంచి మోచేతి దాకా ఉన్నాయి. కాన్పయ్యేదాకా తీయకూడదని ఆమె పట్టు. వాటి గురించి నేను ఎంత గొడవ పెట్టుకున్నానో (మెసేజ్ కొడితే గలగల, వీడియో తీస్తే గలగల) మా వీధికంతా తెలుసు. అలాంటిది, టీచర్ గాజులు తీయమనగానే చేతులు వెనక్కి పెట్టుకుని, "మా ఇంటి ఆచారం మేడం, ఏమైనా సరే తియ్యను" అన్నాను. మా అత్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. కోడలికి ఇంత భక్తి ఉందని ఆమెకు అప్పుడే తెలిసింది. నాకూ అప్పుడే తెలిసింది.

గెలిచాననుకుంటూ ఇంటికొచ్చి ఆటో దిగబోతే కాలు పట్టేసింది. అత్తమ్మ నన్ను దాదాపు మోసుకుంటూ లోపలికి తెచ్చింది. మర్నాడు పొద్దున్నే నా స్కూటీ డిక్కీ తెరిచి, ఎండకి నల్లబడకుండా నేను వేసుకునే పొడుగు గ్లౌజులు బయటికి తీసింది. రెండు జతలు ఒకదాని మీద ఒకటి గాజుల మీదుగా భుజాల దాకా ఎక్కించి, నన్ను మళ్లీ పూల్‌కి తీసుకెళ్లింది. టీచర్ నా చేతులు అటూ ఇటూ నొక్కి చూసి, చేతులు నీళ్లపైనే ఉంచి, అంచు పక్కనే నడవమంది. ఇక నాకు దారి లేదు. దారి లేనప్పుడు నాకు వచ్చేది ఒకటే, కోపం. నాకు ఈత రాదు, నీళ్లంటే భయం, ఆ పూల్ గొప్పలన్నీ ఉత్తవే అని అరిచేశాను. బ్యాచ్ మొత్తం నడవడం ఆపి చూసింది.

అత్తమ్మ మాత్రం తొణకలేదు. "గది నాకు ఎరికే బిడ్డా. నువ్వు చూపిచ్చిన ఫోటోలల్ల ఒక్కదాంట్ల గూడ నీ జుట్టు తడవలే" అంది. తర్వాత చీర కుచ్చిళ్లు పైకి దోపుకుని, పూల్ మెట్టు మీద కూర్చుని, కాళ్లు నీళ్లలో పెట్టింది. "నీళ్లంటె నాక్కూడ బుగులే. నేనీడనే కూసుంట. ఫోను నాకియ్యి, గీ చెయ్యి పట్టుకొని దిగు."

దిగాను. కాసేపు నడిచాక, చాలా రోజుల తర్వాత, కుడికాలు నాదే అనిపించింది. అంతలో అత్తమ్మ ఒళ్లో ఫోన్ మోగింది. మా ఆయన. నేను చెయ్యి చాపేలోపే ఆమె ఎత్తి, "జర ఆగు కొడుకా, కోడలు పనిల ఉంది" అని పెట్టేసింది. నాకు కోపం రాలేదు. అదే విచిత్రం.

పాప పుట్టాక గాజులు తీశాను. గ్లౌజులు ఇంకా డిక్కీలోనే ఉన్నాయి, సాగిపోయి వేసుకుంటే జారిపోతాయి. మొన్న పాప నీళ్ల టబ్‌లో కూర్చోనని ఏడుస్తూ చేతులు వెనక్కి పెట్టుకుంది. ఆ చేతులు నాకు బాగా తెలిసినవే. అత్తమ్మ నా వైపు చూసింది. నేను ఫోన్ ఆమె చేతికిచ్చి, ప్యాంటు మడుచుకుని, టబ్‌లో కాళ్లు పెట్టి కూర్చున్నాను.